చెయ్యి తిరగడం

మా నాయిన ఆవులించాడు. కుడిచెయ్యి లేచింది.

అప్పటికి పక్షవాతంతో ఆ చెయ్యి పడిపోయి 40 రోజులు. గట్టుప్పలలో మా ఇంటి ముందర, పొద్దుటి ఎండలో మంచం వేసి కూచోబెట్టాం. పెద్ద ఆవులింత వచ్చింది ఆయనకి. ఒళ్ళో పిండిముద్దలా పడి ఉన్న చెయ్యి మెల్లగా మోచేతి దగ్గర వంగి, ఛాతీ దాకా వచ్చింది. ఆవులింత అయిపోగానే మళ్ళీ ఒళ్ళో పడిపోయింది. అమ్మ చేతిలోని చెంబు అక్కడే పెట్టేసి "లేపిండు, చెయ్యి లేపిండు!" అని అరిచింది. వాడకట్టంతా పోగయ్యింది. "మళ్ళొక్కసారి లేపు మామా" అంటూ తలా ఒక మాట. నాయిన మెడనరాలు ఉబ్బేదాకా ప్రయత్నించాడు. చిటికెనవేలు కూడా కదల్లేదు.

"నేను లేపలే," అన్నాడు చివరికి, ముద్దముద్దగా. "అదే లేసింది."

నేను నల్లగొండలో ప్రభుత్వ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. పదో తరగతి నాడీవ్యవస్థ పాఠం వచ్చిన ప్రతి ఏడూ బోర్డు మీద పైనుంచి కిందికి ఒక బాణం గీస్తాను. పైన మెదడు, మధ్యలో వెన్నుపాము, కింద కండరం. "మెదడు ఆజ్ఞ ఇస్తుంది, కండరం పాటిస్తుంది" అని పిల్లలతో మూడుసార్లు అనిపిస్తాను. ఆ పొద్దున నాయిన ఒళ్ళో ఉన్న చెయ్యిని చూస్తుంటే, ఇప్పుడు ఆజ్ఞ ఎవరిచ్చారో చెప్పమంటే నా దగ్గర జవాబు లేదు.

అంతకంటే ముందే ఇంకో మాట గుచ్చుకుని ఉంది. హైదరాబాద్‌లో మేం చూపించిన దవాఖానలో, ఇంటికి పంపించే రోజున, ఒక డాక్టరు ఫైలు తిరగేస్తూ "ఈయన ఏం పని చేస్తారు?" అని అడిగాడు. మగ్గం నేస్తాడని చెప్పాను. "చేతి పనే కదా. మెదడుతో పనిచేసేవాళ్ళకైతే ఇంకా టెన్షన్ ఉండేది" అన్నాడు. ధైర్యం చెప్పడానికే అన్నాడు, మంచివాడే. నేనూ తలూపాను. కారు చౌటుప్పల్ వచ్చేదాకా ఆ మాటలో ఏం తేడా ఉందో నాకు తట్టలేదు. మెదడులో రక్తం గడ్డకట్టింది. మెదడు దెబ్బతింది. అందువల్ల ఈ మనిషి మగ్గం ఎక్కలేడు. అయినా ఈయనది మెదడు పని కాదట!

ఈ వ్యాసం ఆ డాక్టరు మీద కోపంతో రాస్తున్నది కాదు. ఆ మాటే మా నాయిన కూడా నాతో చిన్నప్పటినుంచీ అన్నాడు. "సదువుకో బిడ్డా, మెదడుతోని బతుకు. నా లెక్క రెక్కల మీద బతకకు." చేతి పని అని ఒకటి, మెదడు పని అని ఒకటి అందరం గీత గీసుకున్నాం. ఆ గీత మెదడులో ఎక్కడుందో ఈ ఏడాదిగా వెతికాను. లేదు. మనం ఊళ్ళో గీసుకున్న గీత అది.

తెలుగు మాటకి ఇది ముందే తెలుసేమో. మంచి నేతగాణ్ణి "చెయ్యి తిరిగినోడు" అంటాం. భయంతో కొయ్యబారితే "కాళ్ళూ చేతులూ ఆడలేదు" అంటాం. తెలివీ భయమూ రెండూ చేతిలోనే ఉన్నట్టు.

ముందు ఆవులింత సంగతి. మెదడు పైపొరలో, దాదాపు చెవి నుంచి చెవి దాకా నడినెత్తి మీదుగా సాగే ఒక పట్టీ ఉంది, మోటార్ కార్టెక్స్ అంటారు. అక్కడినుంచీ చుట్టుపక్కల నుంచీ బయల్దేరే పొడవాటి నరాల పోగులు ఒక్కో వైపు సుమారు 10 లక్షలు ఉంటాయి. మెదడు అడుగున వాటిలో చాలావరకు అటువి ఇటు, ఇటువి అటు దాటుకుని వెన్నుపాములోకి దిగుతాయి. అందుకే ఎడమవైపు గడ్డకడితే కుడిచెయ్యి పడిపోతుంది. నాయినకి తెగింది ఈ దారే. కానీ ఆవులింత పుట్టేది పైపొరలో కాదు. మెదడు కాండంలో, ఊపిరినీ గుండెనీ చూసుకునే పాత భాగంలో. అక్కడినుంచి కూడా వెన్నుపాములోని చెయ్యి కణాలకి వేరే పాత దారులున్నాయి. పెద్ద దారి తెగినప్పుడు ఆ పాత దారి మీద ఉండే అదుపు కూడా సడలుతుందంటారు. ఆవులింత వచ్చిందంటే అది చేతిదాకా పారుతుంది. 2005లో ఫ్రెంచి డాక్టర్లు దీనికి పారాకైనీసియా బ్రాకియాలిస్ ఆసిటాన్స్ అని పేరు పెట్టారు. ఆ పేరు పలకడానికే ఒక ఆవులింత కావాలి.

అంటే చెయ్యికి దారి ఒకటి కాదు. ఎన్నో దారులొచ్చి వెన్నుపాములోని కండరపు కణాల దగ్గర కలుస్తాయి. చార్లెస్ షెరింగ్టన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1906లోనే దీన్ని అందరికీ ఉమ్మడిగా ఉండే ఆఖరి దారి అన్నాడు. ఎవరు పిలిచినా కండరం ఆ దారినే కదలాలి.

మరి "మెదడు ఆజ్ఞ" అనే బొమ్మ ఎక్కణ్ణుంచి వచ్చింది? 1870లో బెర్లిన్‌లో ఫ్రిట్ష్, హిట్జిగ్ అనే ఇద్దరు డాక్టర్లు కుక్క మెదడు పైపొరకి సన్నటి కరెంటు తగిలిస్తే ఎదురువైపు కాలు కదిలింది. ప్రయోగశాలలో చోటు దొరక్క హిట్జిగ్ ఇంట్లోనే చేశారు ఆ పని. 1937లో మాంట్రియల్‌లో పెన్‌ఫీల్డ్, బోల్డ్రీ మనుషుల మెదడు మీద, ఆపరేషన్ల సమయంలో, అదే పద్ధతిలో ఒక పటం గీశారు. ఇక్కడ తాకితే కాలు, ఇక్కడ వేళ్ళు, ఇక్కడ పెదవులు. పాత రోజుల్లో ఊరూరికీ ఒక పట్వారి ఉన్నట్టు, అవయవానికొక పట్వారి. దస్తావేజు ఆయన దగ్గర ఉంటుంది, ఆయన సంతకం పెడితే వేలు కదులుతుంది.

ఆ పటంలో నిజం ఉంది. వేళ్ళకీ మొహానికీ మిగతా ఒళ్ళు మొత్తం కంటే ఎక్కువ జాగా ఉందన్నది నిజమే. కానీ పట్వారి మాత్రం దొరకలేదు. 2002లో మైకేల్ గ్రాజియానో బృందం కోతి మెదడులో అదే పట్టీకి కరెంటు క్షణమాత్రం కాకుండా అర సెకను ఇచ్చి చూసింది. ఒక్క కండరం తుళ్ళిపడటం కాదు, కోతి చెయ్యి నోటిదాకా వచ్చింది, వేళ్ళు గుప్పిట పట్టినట్టయ్యాయి, నోరు తెరుచుకుంది. ముద్ద తినే పని మొత్తం అక్కడ రాసి ఉంది. 2023లో మనుషుల మెదడు స్కాన్లు చూసినవాళ్ళు, కాలు, చెయ్యి, మొహం ప్రాంతాల మధ్య మధ్యన ఏ ఒక్క అవయవానికీ చెందని ద్వీపాలున్నాయని చూపించారు. ఒళ్ళంతటినీ ఒక పనికి సిద్ధం చేసే తావులట అవి. 86 ఏళ్ళ పటం మీద కొత్త సర్వే పడింది.

సరే, పట్వారి లేడు. మరి చెయ్యి ఎటు కదలాలో తేల్చేదెవరు?

ఇది అర్థం కావాలంటే మా ఊరి బావి దగ్గరికి రావాలి. నా చిన్నప్పుడు ఒకసారి పెద్ద బావిలో కరెంటు మోటారు జారిపోయింది. తాళ్ళు కట్టి, బావి చుట్టూ పదిహేను మంది నిలబడి లాగారు. ఒక్కొక్కడూ తన వైపే లాగుతాడు, ఇంకోవైపు లాగడం వాడి చేతకాదు. కొందరు గట్టిగా, కొందరు వదులుగా. మోటారు మాత్రం ఏ ఒక్కడి వైపూ పోదు. అందరి లాగుళ్ళూ కలిపితే తేలే దిక్కుకి పోతుంది. దాన్ని మెట్ల వైపు తేవాలంటే ఎవరూ తాడు మార్చుకోనక్కర్లేదు. ఎవరు బిగించాలి, ఎవరు సడలించాలి అన్నది మారితే చాలు.

1980ల్లో అమెరికాలో పనిచేసిన గ్రీకు శాస్త్రవేత్త అపోస్టొలోస్ జార్జోపౌలోస్ కోతి మెదడులో చూసింది సరిగ్గా ఇదే. కోతి చెయ్యి ఒక్కో వైపుకి చాపుతుంటే ఒక్కో కణం ఎంత మోగుతుందో, అంటే కరెంటు సంకేతాలు ఎంత జోరుగా పంపుతుందో విన్నాడు. ప్రతి కణానికీ ఇష్టమైన దిక్కు ఒకటుంది. చెయ్యి అటు పోతే బాగా మోగుతుంది, కాస్త పక్కకి పోతే కాస్త తగ్గుతుంది, పూర్తి ఎదురుదిక్కుకి పోతే బాగా తగ్గిపోతుంది. ఏ ఒక్క కణాన్ని అడిగినా చెయ్యి ఎటు పోతోందో చెప్పలేం. 200 పైచిలుకు కణాల మాట కలిపి కూడితే, చెయ్యి పోబోయే దిక్కు బాణం గీసినట్టు వచ్చింది. చెయ్యి ఇంకా కదలకముందే.

ఈ బావి దగ్గరే నాకు ఇంకో చిక్కు విడింది. మనం కదలకముందే సిద్ధమవుతాం. కబడ్డీలో కూత పట్టినవాడి కోసం కాచుకున్న మనిషి లోపల అంతా సలసల కాగుతుంటాడు, బయటికి కాలివేలు కదలదు. సిద్ధమయ్యేది కూడా ఆ కదలిక కణాలే అయినప్పుడు, వాటి మోత కండరం దాకా ఎందుకు పోదు? తాళ్ళు బిగిస్తున్నా మోటారు కదలకుండా ఉండొచ్చు గదా. అటువాళ్ళు ఎంత బిగిస్తే ఇటువాళ్ళూ అంత బిగిస్తే చాలు. 2014లో స్టాన్‌ఫర్డ్‌లో కృష్ణ శెణాయ్ ప్రయోగశాలవాళ్ళు కోతుల్లో ఇదే చూపించారు. సిద్ధపడేటప్పుడు కణాల మోత మారుతూనే ఉంటుంది. కానీ ఒకదాన్నొకటి కొట్టేసుకునేలా మారుతుంది, కండరాల వైపు పోయే మొత్తం మాత్రం అలాగే ఉంటుంది. కదలాల్సిన క్షణంలో తూకం తప్పుతుంది, చెయ్యి లేస్తుంది. మగ్గం మీద నాడె (పేక పోగుని అటూ ఇటూ మోసుకుపోయే ముక్క) వేయబోయే ముందు నాయిన ఎడమచెయ్యి చెక్క మీద ఒక అరక్షణం ఆగేది. ఖాళీగా ఉందనుకునేదాన్ని నేను.

ఇక్కడ ఒక పక్కమాట. మా జిల్లాలో కదలిక గురించి రాస్తూ ఫ్లోరైడ్ ఊసెత్తకపోతే పాపం. మర్రిగూడ వైపు ఊళ్ళలో నడుము వంగి, మెడ తిప్పలేని పెద్దవాళ్ళని చూస్తూ పెరిగాం. వాళ్ళ మెదడులో ఏ లోటూ లేదు. నీళ్ళలోని ఫ్లోరైడ్ ఎముకల్లో, ఎముకల్ని పట్టి ఉంచే కట్లలో పేరుకుని వాటిని బిగించేసింది. కొందరిలో వెన్నెముక లోపలి దారి ఇరుకై వెన్నుపామునే నొక్కింది. పటికా సున్నమూ వేసి నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరుంది. ఆ కీర్తి మాకెవరికీ అక్కర్లేకపోయింది.

మళ్ళీ దారిలోకి. చెయ్యి ఎటు పోవాలో తేలడం ఒకటి, అసలు పోవడం ఒకటి. నల్లగొండలో మా పక్కింటి రిటైర్డు సారుకి పార్కిన్సన్స్, కదలికలు మందగించే మెదడు జబ్బు. ఆయన్ని చూస్తే రెండోది అర్థమవుతుంది. హాల్లో చిన్న చిన్న అడుగులతో వస్తాడు, గడప దగ్గర ఆగిపోతాడు. కాళ్ళు నేలకి అతుక్కుపోతాయి. "పోవాలని ఉందమ్మా, పోతలేవు" అంటాడు. అదే మనిషి మెట్లు మాత్రం టకటకా ఎక్కుతాడు. ఒకరోజు వాళ్ళ కోడలు గడప ముందు నేల మీద సుద్దముక్కతో అడ్డగీతలు గీసింది. ఒక్కో గీతా దాటుకుంటూ ఆయన వెళ్ళిపోయాడు.

మెదడు లోతులో బేసల్ గాంగ్లియా అని కొన్ని కణాల గుంపులున్నాయి. వాటి పని తోయడం కాదు, ఆపడం. ఊరికే ఉన్నప్పుడు కూడా వాటి చివరి కణాలు సెకనుకి పదులసార్లు మోగుతూ "వద్దు, వద్దు" అంటుంటాయి. కదలాలంటే ఆ వద్దు అనేదాన్ని ఒక్కచోట కాసేపు ఆపాలి. సాగర్ డ్యాం నిండినప్పుడు మనం గేట్లు చూడటానికి పోతాం కదా. నీళ్ళని ఎవరూ తోయరు, అవి ముందునుంచీ తోసుకునే ఉంటాయి. 26 గేట్లలో ఏది ఎత్తాలి, ఏవి మూసి ఉంచాలి అన్నదే అక్కడి పని. ఆ గేట్లు సులువుగా లేవడానికి డోపమైన్ అనే రసాయనం కావాలి. పార్కిన్సన్స్‌లో దాన్ని తయారుచేసే కణాలు చచ్చిపోతాయి, గేట్లు బరువెక్కుతాయి. సుద్దగీత కనిపిస్తే, కంటి వైపునుంచి వేరే దారిన పని జరిగిపోతుంది. ఆయన మనసులో ఆజ్ఞకి ఏ లోటూ లేదు. "పోవాలని ఉంది" అని నోటితో చెప్తూనే ఉన్నాడు. బోర్డు మీద నా బాణం ప్రకారం ఆయన గడప దాటాలి.

ఆ బాణంలో ఇంకో పెద్ద తప్పుంది. అది పైనుంచి కిందికి మాత్రమే ఉంది. ఇయాన్ వాటర్‌మన్ అనే ఆంగ్లేయుడికి 1971లో, 19 ఏళ్ళ వయసులో, ఒక జ్వరం తర్వాత మెడ కిందినుంచి స్పర్శా, కాళ్ళూచేతులూ ఎక్కడున్నాయన్న తెలివీ పోయాయి. కండరాలకి పోయే నరాలు బాగానే ఉన్నాయి. మెదడూ బాగానే ఉంది. అయినా మంచం మీద కూచోలేకపోయాడు. నెలలూ ఏళ్ళూ కష్టపడి, ప్రతి కదలికనీ కళ్ళతో చూస్తూ, మళ్ళీ నడవడం నేర్చుకున్నాడు. లైటు ఆరిపోతే కుప్పకూలేవాడు. కిందినుంచి పైకి కబురు రాకపోతే పైనుంచి పోయే ఆజ్ఞ ఎందుకూ పనికిరాదు.

ఇక మగ్గం. గుంత మగ్గం చూడనివాళ్ళ కోసం చెప్తాను. నేల గుంతలో కాళ్ళు వేలాడేసి గట్టు మీద కూచుంటారు. కాలితో తొక్కితే పడుగు పోగులు రెండుగా విడతాయి. కుడిచేత్తో తాడు గుంజితే నాడె ఆ సందులోంచి అటునుంచి ఇటు దూసుకుపోతుంది, వెనకాల పేక పోగు. ఎడమచేత్తో చెక్క ముందుకి లాగి ఆ పోగుని దగ్గరకి కొట్టాలి. ఇంకో కాలు. మళ్ళీ తాడు. ఇక్కత్‌లో ఇది సగం పనే. పోగు మీద రంగు ముందే అద్ది ఉంటుంది కాబట్టి, ఈ పోగు మీది ఎర్రమచ్చ కింది పోగు ఎర్రమచ్చ మీద సరిగ్గా కూచోవాలి. వెంట్రుకవాసి జరిగితే చిలుక ముక్కు వంకరపోతుంది. నాయిన అంచు దగ్గర బొటనవేలితో ఒక చిన్న గుంజుడు గుంజి సర్దేవాడు. ఎంత గుంజాలో ప్రతిసారీ వేరు. ఎండాకాలం పోగు ఒకరకం, వానాకాలం ఒకరకం. ఈ పని చేస్తూ, నూలిచ్చి చీరలు నేయించుకునే మేస్త్రీతో బాకీ లెక్కలు మాట్లాడేవాడు.

కంటితో చూసి, మెదడుదాకా పోయి, తిరిగి చేతిదాకా వచ్చేసరికి సెకనులో పదో వంతు దాటిపోతుంది. నాడె వేగానికి అది చాలదు. చూసి దిద్దుకోవడం కాదు, ఏమవబోతోందో ముందే లెక్కగట్టి చెయ్యి అక్కడ ఉండాలి. ఈ లెక్క ఎక్కువగా చిన్నమెదడుది. తల వెనక అడుగున గుప్పెడంత ఉంటుంది, మెదడు బరువులో పదో వంతు. కానీ మనిషి మెదడులో ఉన్న సుమారు 8,600 కోట్ల న్యూరాన్లలో (నరాల కణాల్లో) దాదాపు 6,900 కోట్లు అందులోనే ఉన్నాయి. ఆలోచన పుట్టేదని మనం గొప్పగా చెప్పుకునే పైపొరలో సుమారు 1,600 కోట్లు. అనుకున్నదానికీ అయినదానికీ తేడా వచ్చిన ప్రతిసారీ చిన్నమెదడులో కణాల మధ్య అతుకులు కాస్త మారుతాయి. పోగు తెగిన ప్రతిసారీ, చిలుక ముక్కు వంకరపోయిన ప్రతిసారీ. చెయ్యి తిరగడం అంటే ఇదే. తిరిగేది చెయ్యి కాదు.

వేళ్ళు మడిచే పెద్ద కండరాలు కూడా వేళ్ళలో ఉండవు. నమ్మకం లేకపోతే ఎడమచేత్తో కుడి ముంజేతిని పట్టుకుని, కుడి వేళ్ళు మడిచి చూడండి.

1920ల్లో మాస్కోలో కార్మికులకి పని నేర్పే ఒక సంస్థ ఉండేది. సుత్తి కొట్టడానికి ఒక్క సరైన కదలిక కనిపెట్టి, దాన్ని అందరికీ నేర్పాలని వాళ్ళ ఆశ. నికొలాయ్ బెర్న్‌స్టైన్ అనే యువకుడు చెయ్యి తిరిగిన పనివాళ్ళ భుజానికీ మోచేతికీ మణికట్టుకీ చిన్న బల్బులు కట్టి ఫొటోలు తీశాడు. ప్రతి దెబ్బకీ సుత్తి మొన దాదాపు అదే దారిన పోయింది. భుజం, మోచెయ్యి, మణికట్టు మాత్రం ప్రతిసారీ వేరే వేరేగా కదిలాయి. ఒకటి ఎక్కువ పోతే ఇంకొకటి తగ్గింది. పనివాడికి వచ్చింది ఒక కదలిక కాదు. ప్రతిసారీ కొత్త పరిస్థితిలో అదే ఫలితం రాబట్టడం. వేలసార్లు చేసినా రెండుసార్లు ఒకేలా చేయడన్నమాట. కార్మికుణ్ణి యంత్రంలా చూడాలని కట్టిన సంస్థలోనే, అతను యంత్రం కాదని తేలింది.

మా లెక్కల సారు స్టాఫ్‌రూంలో ఈ వాదన అంతా విని ఒక్క మాటతో కొట్టిపారేశాడు. "అట్లయితే మేడం, గోక్కునుడు కూడా మెదడు పనే." సరదాగా అన్నా, అందులో పస ఉంది. అవును, అదీ మెదడు పనే. కానీ గోక్కోవడం ఎవరూ పదేళ్ళు నేర్చుకోరు. నేను అంటున్నది కష్టపడి నేర్చిన చేతి గురించి. ఆయన రెండో ప్రశ్న ఇంకా గట్టిది. "మెదడు పని అని ఒప్పుకున్నం. చీరకు వంద రూపాయలు ఎక్కువిస్తరా?" ఇవ్వరు. నూలు ధర, పట్టు ధర, మేస్త్రీ బాకీ, మరమగ్గం మీద అచ్చువేసిన నకిలీ ఇక్కత్, ఇవి తేలుస్తాయి రేటు. న్యూరాన్లు తేల్చవు. ఆ సంగతి నాకు తెలుసు. కానీ 2005 ఉపాధి హామీ చట్టం మట్టి పని లాంటివాటిని "నైపుణ్యం లేని" పని అని రాసుకుంది. పార పట్టడం రాని నేను ఒక గంట ప్రయత్నించి బొబ్బలెక్కించుకున్న పని అది. మనం ఒక పనిని ఏమని పిలుస్తామో దానికీ, దానికి ఎంత ఇవ్వొచ్చనుకుంటామో దానికీ చుట్టరికం లేదని మాత్రం నన్ను నమ్మమనకండి. 1997లో చదరంగంలో ప్రపంచ విజేత కాస్పరోవ్‌ని కంప్యూటరు ఓడించింది. ఉతికిన బట్టలు మనిషిలా చకచకా మడత పెట్టడానికి మరచేతులు ఇప్పటికీ తంటాలు పడుతున్నాయి.

అలాగని చేతి పనికి దండలు వేసి కూచోబెట్టమని కూడా నేను అనను. మా అమ్మ ఆసు పోసేది. చిటికి కట్టబోయే ముందు, అంటే రంగు అంటకూడని చోట పోగుల్ని బిగించి కట్టబోయే ముందు, పోగుని అర్ధచంద్రంలా ఉన్న మేకుల చుట్టూ తిప్పాలి. ఒక్క చీరకి చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. రోజుకి రెండు చీరలు. రాత్రిళ్ళు అమ్మ భుజానికి నేను జండూబామ్ రాసేదాన్ని. ఆలేరు దగ్గర శారాజిపేటలో అలాంటి తల్లినే చూస్తూ పెరిగిన చింతకింది మల్లేశం, చదువు మధ్యలో ఆపేసిన మనిషి, 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. అమ్మ భుజం అప్పటికే అరిగిపోయింది. మా ఇంటికి యంత్రం వచ్చిన రోజు ఆమె దాని ముందు కూచుని గంటసేపు ఊరికే చూసింది. చేతితో చేసేదంతా పవిత్రం అనేవాళ్ళని నేను ఆ గంటసేపు ఆమె పక్కన కూచోబెట్టాలనుకుంటాను.

ఒక్క సంగతి మాత్రం నన్ను నిలబెట్టింది. 2021లో స్టాన్‌ఫర్డ్ బృందం ఒక ప్రయోగం సంగతి బయటపెట్టింది. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిని చేతులు పడిపోయిన ఒక మనిషి మెదడులో, కణాల మోత వినే రెండు చిన్న సూదుల పలకలు అంతకుముందే అమర్చి ఉన్నాయి. ఆయన్ని చేత్తో అక్షరాలు రాస్తున్నట్టు ఊహించుకోమన్నారు. ఆయన దెబ్బ తిన్నది 2007లో. అన్నేళ్ళు కలం పట్టని చెయ్యి. అయినా ఒక్కో అక్షరానికి ఆ కణాల గుంపు వేరువేరుగా మోగింది, నిమిషానికి 90 అక్షరాలు తెర మీద పడ్డాయి. నాయినది వేరు, నాయినకి దెబ్బ తగిలింది మెదడులోనే. రెండూ ఒకటని నన్ను నేను మభ్యపెట్టుకోలేదు. అయినా మగ్గం ఇంకా ఎక్కడో లోపల ఉండొచ్చనిపించింది.

ఫిజియోథెరపీ అమ్మాయి రబ్బరు బంతి ఇచ్చి పిసకమంది. నాయిన రెండు రోజులు పిసికి మూడోరోజు మనవడికి ఇచ్చేశాడు. "పోరగాండ్ల ఆట." ఆ అమ్మాయే తెలివైంది, "ఆయనకి అలవాటైన పని ఏదైనా ఇవ్వండి, ఎడమచెయ్యి అడ్డం రాకుండా చూడండి" అంది. మంచి చెయ్యి ఉంది కదా అని పడిపోయిన చెయ్యిని వాడటం మానేస్తే, మెదడులో దానికున్న జాగా కూడా చుట్టుపక్కలవాళ్ళు ఆక్రమించుకుంటారు. ఊళ్ళో పడావు పడ్డ పొలం లెక్కనే. నాయిన ఎడమచేతికి తువాల చుట్టి, కుడిచేతికి నూలు చుట్టిన కండె ఇచ్చాం. మొదటివారం జారిపోయింది. రెండోవారం పడిపోయే ముందు వేళ్ళు ఒకసారి మూసుకున్నాయి. కాలు ముందే కొంచెం వచ్చింది. తమ్ముడు నేస్తుంటే పక్కన గట్టు మీద కూచుని గుంతలో కాలు ఆడించేవాడు, తొక్కుడు చెక్క లేకుండానే, తమ్ముడి కాలితో సమంగా.

ఇది జరిగి ఏడాది దాటింది. చొక్కా గుండీలు ఇప్పటికీ అమ్మే పెడుతుంది. నాయిన మగ్గం ఎక్కలేదు, ఎక్కుతాడని నేను అనుకోవడం లేదు. మొన్న దసరా సెలవుల్లో ఇంటికి పోయాను. తమ్ముడు నేస్తున్నాడు, నాయిన మంచం మీద అటు తిరిగి పడుకుని ఉన్నాడు. మగ్గం మోతలో నాకే తేడా తెలియలేదు, ఆయన తిరక్కుండానే "పోగు వోయింది, ఎడుమ దిక్కు" అన్నాడు. తమ్ముడు ఆపి చూస్తే నిజమే. అతుకుదామని వంగితే, "ఉండు," అని లేచి వచ్చాడు. ఎడమచేత్తో ఒక కొస పట్టుకుని, కుడి బొటనవేలూ చూపుడువేలూ రెండో కొస మీద పెట్టాడు. చూడటం లేదు, తలుపు వైపు చూస్తున్నాడు. వేళ్ళు రెండుసార్లు జారాయి. మూడోసారి ముడి పడింది.

తమ్ముడు తాడు గుంజాడు. నాలుగు పోగులు పడ్డాయో లేదో ముడి ఊడింది. "నువ్వే ఎయ్యి రా," అని నాయిన పోయి మళ్ళీ మంచం మీద పడుకున్నాడు. అమ్మని చాయ పెట్టమన్నాడు.